తలుపు చప్పుడు

అమ్మాయీ,

అమ్మగారింట్లో నీ నడుం నొప్పి కాస్త నెమ్మదించిందా? నీ కోసం ప్రార్థనకి కూర్చుంటే మనసు నిలవడం లేదు.

కారు షెడ్డు తలుపుని పైకెత్తే మోటారు ఎంచే పని మా తమ్ముడు నాకే అప్పగించాడు. "ఈ చెమ్మకి తలుపు లాగే గొలుసు తుప్పు పడుతుందమ్మా, బెల్టుతో లాగేది తీసుకోండి, చప్పుడే ఉండదు" అన్నాడు మెకానిక్. ఆ చప్పుడు కోసమే నేను గొలుసుది పెట్టించాను. నువ్వు డ్యూటీ నుంచి ఇల్లు చేరావని పైగదిలో నాకు తెలియాలని. చివరికి అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, వానలో నువ్వు తలుపు చేత్తో ఎత్తబోయావు, నీ నడుం పట్టేసింది.

చేసింది నేను, తమ్ముడి చేత మాటలు పడింది మెకానిక్. నిన్న ఇద్దరికీ నిజం చెప్పాను. బెల్టుది బిగించారు.

ఇక నువ్వొచ్చినా నాకు వినపడదు. నా మీద కోపం తీరాక, మెట్ల దగ్గర ఒక్కసారి "వదినా" అని పిలువు.

నీ మేలు కోరే
వదిన