తోమడం అయ్యేలోగా

ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారం.

ఈ ఉత్తరం తెచ్చినావిడ మా పిన్ని. ఆవిడకు చదవడం రాదు, అందుకే అన్నీ రాస్తున్నాను.

మా నాన్న ఆదివారం సంతలో, పాత గడియారాల వరుస చివర, ఇత్తడి సామాన్లు అమ్ముతారు. నిన్న పాత ఇనుము కొట్లో ఆయనకొక మూరెడు పొడవు వస్తువు దొరికింది. ఇలాంటిది సంతలో ఎవరి దగ్గరా లేదని మురిసిపోతున్నారు. అది పేలని ఫిరంగి గుండు సార్. మా కాలేజీ పుస్తకంలో అచ్చం ఇదే బొమ్మ ఉంది.

చెప్తే నాన్న నవ్వారు. "నాలుగక్షరాలు నేర్చావని ఇత్తడిని చూసి కూడా జడుసుకుంటావా తల్లీ?" అన్నారు.

దయచేసి యూనిఫాంలో రావద్దు. పోలీసులు కనిపిస్తే ఇక్కడ అందరూ సామాన్లు పరిచిన దుప్పటి నాలుగు చెంగులూ ముడేసి, మూట భుజాన వేసుకుని పరిగెడతారు. నాన్నయితే అందరికంటే ముందుంటారు. మూటలో సామానంతా ఒకదానికొకటి కొట్టుకుంటుంది.

కొనేవాళ్లలా రండి. బేరమాడండి, లేకపోతే ఆయన అనుమానపడతారు. "మోగించి చూపించక్కర్లేదు" అని మాత్రం ముందే చెప్పండి. ఏ వస్తువునైనా సుత్తితో కొట్టి, గంటలా మోగించాకే నాన్న చేతికిస్తారు.

తోమడం పూర్తయ్యేదాకా మాత్రం మోగించరు. అందుకే నేను తోముతానని గుండును ఒళ్లో పెట్టుకుని, మధ్యమధ్య ఇది రాస్తున్నాను. సుత్తి నా సంచిలో దాచాను కానీ, ఆయన పక్క కొట్టు తాతను అడిగి ఇంకోటి తెచ్చుకున్నారు.

"ఇంకా ఎంతసేపమ్మా?" అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు. ఇంకా మెరుపు రాలేదని చెప్తున్నాను. కానీ సార్, అందులో నా ముఖం స్పష్టంగా కనిపిస్తోంది.