మెహరున్నీసా అర్జీ

బోయిగూడ, సికింద్రాబాదు
9 అక్టోబరు 1948

ప్రేమగల కాంతమణి అక్కకు,

నీ చెల్లెలు డోరా వందనాలు. మీ మరిది లూకా, నేను ప్రభువు కాపుదలలో ఉన్నాం. బందరులో మీరంతా క్షేమమని తలుస్తాను.

రజాకార్లు పోయారు, ఇక భయం తీరిందనుకున్నాం అక్కా. తీరలేదు. ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి చేరింది, అంతే. మా వెనక వాటాలో మెహరున్నీసా ఉంటోంది. అల్లర్లప్పుడు బీదరు వైపు నుంచి ఒంటరిగా పారిపోయి వచ్చింది. కచేరీ గుమాస్తా అయిన భర్త ఏమయ్యాడో తెలియదు. మిలిటరీ ఆఫీసులో అర్జీ ఇంగ్లీషులో ఇమ్మన్నారట. నేను రాసిస్తానంటే వినలేదు. "నా మరద్ కోసం నేనే రాస్త టీచరమ్మా, జెర నేర్పుండ్రి" అంది. నలభై దగ్గర పడ్డ మనిషి, ఏబీసీడీలతో షురూ చేసింది. ఉర్దూ అలవాటుతో కుడి నుంచి ఎడమకు రాస్తే ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

నిన్న పాఠం మధ్యలో ఎవరో తలుపు బాదారు. తీస్తే కర్రలతో నలుగురు. ఇంట్లో తురకలెవరన్నా దాక్కున్నారా అని అడిగారు. లూకా డ్యూటీలో ఉన్నాడు. నా చీరె కట్టుకొని కూర్చున్న ఆమెను చూపించి, మా పిన్ని కూతురు మేబెల్ అన్నాను. వాళ్లలో పెద్దవాడు పలక ఆమె ముందుకు తోసి, "గట్లయితే ఇంగ్లీషుల పేరు రాయి" అన్నాడు.

నేను నేర్పింది ఆమె సొంత పేరు ఒక్కటే అక్కా! ఎం రాసి బలపం ఆగిపోయింది. తర్వాత పెదవులు కదుపుతూ కూడబలుక్కుని రాసింది: ఎం, ఇ, బి, ఐ, ఎల్. తప్పే. కానీ తనంతట తాను రాసిన మొదటి మాట అది. అతను చాలాసేపు చూశాడు. "కిరస్తానోల్లే, పాండ్రి" అని వెళ్లిపోయారు.

ఆమె ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. ఇప్పుడు గాలికి తలుపు కదిలినా ఇద్దరం ఉలిక్కిపడుతున్నాం. కొన్నాళ్లు ఆమెను మీ ఇంట ఉంచుకుంటావా? లూకా స్నేహితుడు, రైల్వే గార్డు యెషయా బెజవాడ మీదుగా బందరు వచ్చి ఈ ఉత్తరం ఇస్తాడు. అతనితోనే జవాబు పంపు.

నీ చెల్లెలు
డోరా

తా.క. ఉత్తరం మడిచాక యెషయా వచ్చాడు. అతను బీదరు వైపు మెహరున్నీసా ఊళ్లో వాకబు చేశాడట. ఆమె భర్త ఇక లేడు. పూడ్చిపెట్టినవాళ్లే చెప్పారు. పక్క గదిలో ఆమె, ఈ పొద్దున నేను నేర్పిన ఇంగ్లీషు మాటలతో అర్జీ మొదలుపెట్టింది. నా భర్త గుమాస్తాగా ఉన్నాడు అని రాసి, సరిగ్గా ఉందా అని అడిగింది. ఉందన్నాను. 'ఉండేవాడు' అని రాయడం ఆమెకు ఎట్లా నేర్పను అక్కా?