మామ్మగారు తిట్టని నెల

2017 జూలై 2, ఆదివారం. నరసన్నపేట.

శ్రీకాకుళంలో శిక్షణ నిన్నటితో ముగిసింది. చిన్నపిల్లల బళ్ళు నడిపేవాళ్ళకీ, అంగన్‌వాడీ వాళ్ళకీ పెట్టారు. నేర్పినవి: ఎదుటివాళ్ళ మనసు గ్రహించడం, కోపం వస్తే ఊపిరి మీద దృష్టి పెట్టడం, పిల్లల తగవులు అరవకుండా తీర్చడం. నేర్పిన అనూరాధకి ముప్ఫై ఏళ్ళుండవు. మొదటిరోజు చేతులు కట్టుకుని చివరి కుర్చీలో కూర్చున్నాను. ఆఖరిరోజుకి ముందు వరసలో ఉన్నాను.

హైస్కూల్లో జీవితమంతా లెక్కలు చెప్పాను. ఏడ్చే పిల్లతో "నోర్ముయ్" అనడానికి బదులు "బాధగా ఉందా" అనవచ్చని ఎవరూ చెప్పలేదు.

వెళ్ళింది సరదాకి కాదు. మా వసారాలో నడిచే ఈ బడికి రేఖ ఒక్కతే టీచరు. పోయిన వారం అంది: "పిల్లల ముందు నన్ను తిడతారు మామ్మగారూ. ఇంక నావల్ల కాదండి. వచ్చే నెలాఖరు దాకా వస్తాను." రేఖ వెళ్ళిపోతే బడి మూసుకోవడమే. నేను చాప మీద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి.

తీర్మానం: నెలాఖరు దాకా బడిలో ఎవరినీ తిట్టను. నేర్చుకున్నదంతా రేఖకి నేర్పుతాను.

తేలికే.

జూలై 3, సోమవారం

తిట్లు: లేవు.

వసారా మూల శాంతి చాప వేయించాను. తగవుపడ్డ పిల్లలు దానిమీద కూర్చుని ఎవరి మనసులో మాట వాళ్ళు చెప్పుకోవాలి. మొదటి తగవు: అమ్మడు, గోవింద్. ఇద్దరికీ నాలుగేళ్ళు. ఎర్ర సుద్దముక్క గురించి.

"నీకేమనిపించిందో గోవింద్‌కి చెప్పమ్మా" అన్నాను, మెత్తగా.

"ఆడి బుర్ర బద్దలు కొట్టాలనిపించినాది" అంది అమ్మడు.

మనసులో మాటే చెప్పింది. విజయం కింద రాసుకున్నాను.

జూలై 4, మంగళవారం

తిట్లు: లేవు. సాయంత్రం గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి అన్నవి ఇంటి ఖాతా. బడి ఖాతాలోకి రావు.

రేఖకి మొదటి పాఠం. కళ్ళు మూసుకుని ఊపిరి గమనించాలి. రేఖ గడియారం గమనిస్తోంది. మళ్ళీ మొదటినుంచి చేయించాను, నాలుగుసార్లు. స్వరం కొంచెం పెరిగింది. అది తిట్టు కాదు, శిక్షణ.

"ఊపిరి పీల్సడానికి కూడా తిట్లు తినాలేటి రేఖమ్మా?" అంది ఆయా బుల్లమ్మ.

బుల్లమ్మకి ఇవి అర్థం కావు.

జూలై 6, గురువారం

అద్భుతం. తగవులు లేవు. నేను వసారాలోకి వస్తే పిల్లలు చప్పున చేతులు కట్టుకుంటున్నారు. తల్లులు గేటు దగ్గరే పిల్లల చెవిలో ఏదో చెప్పి పంపుతున్నారు. గోవింద్ తల్లి దండం పెట్టి కొబ్బరికాయ ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, "ఉంచండి మామ్మగారూ, ఎప్పుడెల్తే అప్పుడే కొట్టండి" అంది.

శిక్షణ ఫలితం ఇళ్ళదాకా వెళ్ళినట్టుంది. కొబ్బరికాయ పచ్చడి చేశాను.

జూలై 8, శనివారం

తిట్లు: లేవు. హెచ్చరికలు: మూడు. చూపులు లెక్కలోకి తీసుకోలేదు.

శాంతి చాప ఖాళీగా ఉంది. అనూరాధకి ఫోన్ చేసి చెప్పాను. "పిల్లలు అసలు తగవే పడటం లేదా? ఒకసారి సరిగా చూడండి మేడమ్" అంది. అనుభవం తక్కువ.

"ఎంత మారానో చూశావా?" అని రేఖని అడిగాను.

"మారేరండి" అంది, నేల చూస్తూ.

మానేసే మాట ఏమైందని అడగలేదు. ధైర్యం చాల్లేదు.

జూలై 11, మంగళవారం

అంతా పోయింది.

పొద్దున్నే గోవింద్ తండ్రి నరసింగరావు గేటు తోసుకుని వచ్చాడు. "శుక్రవారం ఆ అమ్మడు గుంట మా వోడి సెయ్యి కరిసేసినాదట. పళ్ళు దిగిపోనాయి. బడిలో ఎవులూ నోరిప్పరేటి?" అని రేఖ మీద అరిచాడు.

రేఖ వైపు తిరిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

బుల్లమ్మ అందుకుంది. "ఎలగ సెప్తాం? నెల్లాళ్ళు ఎవుల్నీ తిట్టనని అరసవిల్లి సూర్నారాయణమూర్తికి మొక్కుకున్నారు గదా. మీకు కోపం తెప్పించి మొక్కు సెడగొడితే ఆ పాపం ఎవులిది? ఊరందరికీ తెలుసు."

"మొక్కని ఎవరు చెప్పారే?"

"మొక్కు కాపోతే మీరెందుకు తిట్టరు?"

అప్పుడు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నీళ్ళ కుండ పగిలింది. పిల్లల్లో పెద్దవాడు శివాజీ గోడ దూకాడు. అమ్మడు కరిచింది గోవింద్ ఒక్కణ్ణే కాదు. అన్నీ నా కంటపడకుండా సర్దేశారు.

ఊపిరి మీద దృష్టి పెట్టాను. ఊపిరి ఉంది, దృష్టి లేదు.

ముందు నరసింగరావు, గేటు తోసినందుకు. తరువాత బుల్లమ్మ. తరువాత రేఖ, పిల్లలందరి ముందు. వీధిలో ఆటోలు ఆగాయట. నరసింగరావు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. చివరికి "అమ్మడూ!" అన్నాను.

అమ్మడు నిలుచున్నచోటే తడుపుకుంది.

రేఖ పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళి, గౌను మార్చి, జోకొట్టి పడుకోబెట్టింది. మధ్యాహ్నం సంచి తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తున్నానని చెప్పలేదు.

దీన్ని ఏ ఖాతాలో రాయాలో తెలియడం లేదు.

జూలై 12, బుధవారం

రేఖ రాలేదు. చాప మీద కూర్చుని నేనే పాట చెప్పాను. లేవడానికి బుల్లమ్మ ఒక చెయ్యి, శివాజీ ఒక చెయ్యి లాగారు.

సాయంత్రం ఆటోలో రేఖ వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళ నాన్న కూర్మయ్య కుర్చీ వేసి, "మామ్మగారు వచ్చినారే, బేగి రా" అని కేకేశాడు. దారిలో కూడబలుక్కున్న వాక్యాలు మొదలుపెట్టాను. రేఖ మధ్యలో ఆపింది.

"తిడితే తిట్టండి మామ్మగారూ. ముందు ఏటి జరిగిందో అడగండి. మీరెప్పుడూ అడగరు."

"అడిగానుగా, ఎందుకు చెప్పలేదని."

"అది అడగడం కాదండి."

మళ్ళీ అడిగాను: "శుక్రవారం ఏం జరిగింది?"

చెప్పింది. అమ్మడు తల్లి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. తమ్ముడు పుట్టాడు. "మీ యమ్మ ఇంక రాదు, ఆడి దగ్గిరే ఉండిపోద్ది" అన్నాడట గోవింద్. అమ్మడు కరిచింది. రేఖ ఇద్దరినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకుంది. ఏడుపులు అయ్యాక గోవిందే తన బిస్కెట్టు అమ్మడుకి పెట్టాడు.

వింటూ రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మూసుకున్నాను. శిక్షణలో చెప్పినదంతా రేఖ ఏ చాపా లేకుండానే చేసింది.

"మొక్కని నువ్వూ నమ్మావా?"

"నేదండి. సెప్తే తిడతారని సెప్పనేదు."

"రేపు వస్తావా?"

"సూస్తానండి."

జూలై 13, గురువారం

రేఖ వచ్చింది. సంచి భుజాన్నే ఉంది, కొక్కేనికి తగిలించలేదు.

అమ్మడుని పిలిచాను. దూరంగా నిలబడింది.

"మొన్న నేను అరిస్తే భయం వేసిందా?"

"ఊఁ."

"నాకు తరువాత సిగ్గేసింది."

ఇది ఎవరూ నేర్పిన వాక్యం కాదు. అమ్మడు నా చీర కుచ్చెళ్ళవైపు చూసింది. "మీరూ ఉచ్చ పోసేసుకున్నారేటి?" అంది.

రేఖ గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి సంచి కొక్కేనికి తగిలించింది. "నెలాఖరు దాకే" అంది.

తీర్మానం, మళ్ళీ మొదటినుంచి: ఏం జరిగిందని ముందు అడుగుతాను. చెప్పేదంతా వింటాను. మిగతాది తరువాత.

అమలు 11.20కి మొదలు. శివాజీ అందరి చెప్పులూ బకెట్టు నీళ్ళలో వేశాడు. "ఏం జరిగింది నాయనా?" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు 11.45. వాళ్ళ మేక ఈనిన సంగతి నడుస్తోంది. చెప్పుల దాకా ఇంకా రాలేదు.

నేను వింటూ రాస్తున్నాను. రేఖ నా చేతివైపే చూస్తోంది.

కలం కింద పెడుతున్నాను.