వెండి బాతు కర్ర, నాలుగంగుళాలు తక్కువ

ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపించి చూసి రిటైరైన పళ్ల డాక్టర్ని, డెబ్బై ఆరేళ్లవాణ్ణి. మతి నిలకడగా ఉండగానే, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్వహస్తంతో ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి మీద మావాళ్లకు అనుమానమని తెలుసు. ముందుగది అద్దాల బీరువాల్లోని అరవైమూడు పాత చేతికర్రలను చూసి, "ఆయనకు కర్రల పిచ్చిలెండి" అని నలుగురిలో నవ్వేవాళ్లే, నేను పోయాక వాటి వెండి, బంగారు పిడుల కోసం జుట్లు పట్టుకుంటారు. ఆ సంబడం జరక్కుండా ఈ కాగితం. ఇంతకుముందు రాసిన వీలునామా దీంతో రద్దు.

1. నా కొడుక్కి పన్నెండు వెండి పిడుల కర్రలు, సర్వహక్కులతో. నా డెబ్బయ్యో పుట్టినరోజున నేను ఇంట్లో లేనప్పుడు, పాలిష్ పొడి వేసి వాడు తళతళా తోమి పెట్టినవే ఇవి. వందేళ్లుగా పట్టిన నలుపూ, చేసినవాడి ముద్రా ఒక్క పూటలో పోయాయి. "కొత్తవాటిలా లేవూ నాన్నా!" అన్నాడు. ఉన్నాయి. అందుకే వాడికి.

2. అల్లుడిగారికి బంగారు గుర్రం తల పిడి ఉన్న కర్ర. దాంతో సన్‌షేడ్ మీద పడ్డ షటిల్ కాక్‌ను దింపి, గుర్రానికి ఒక చెవి విరగ్గొట్టారు. రెండు చెవులుండీ ఆయన ఎవరి మాటా వినరు కాబట్టి, ఈ ఒంటిచెవి గుర్రం ఆయనకు సరిజోడు.

3. నా తమ్ముడికి పిడి లేని నల్ల కర్ర. పిడిని మర తిప్పి ఊడదీసి పట్టుకెళ్లింది వాడే. రెండూ కలిసుంటేనే అదొక వస్తువని, విడదీస్తే ఒకటి తుక్కు, ఒకటి కట్టె అని వాడికి పదిసార్లు చెప్పాను. మిగతా సగం కూడా తీసుకోమనండి, మళ్లీ దొంగతనానికి శ్రమపడక్కర్లేదు.

4. కోడలికి నా భూతద్దం, మిగిలిన నలభై ఎనిమిది కర్రలు. "ఇది ఎవరు చేశారు మావయ్యా?" అని ఒక్కసారైనా అడిగింది ఆ పిల్లే. అమ్ముకున్నా ఉంచుకున్నా ఆమె ఇష్టం. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. మగవాళ్లలో ఒక్కడికీ ఆ తెలివి లేదు.

5. ఇక నా భార్య. నాలుగేళ్ల కిందట బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక బీరువా ముందు నిలబడి, వెండి బాతు తల పిడి ఉన్న కర్రను చూపించి, "నాకిది పొడుగు. కాస్త కోయించి ఇస్తారా?" అని అడిగింది. పాత కర్రను కోస్తే దాని విలువ పోతుందని, సేకరించేవాడెవడూ ఆ పని చేయడని, పావుగంట పాఠం చెప్పాను. ఆమె వీధి చివర వడ్రంగిని పిలిపించి, ఇల్లు తుడిచే మాప్ కర్రను తన ఎత్తుకు కోయించుకుంది. పైన పాత జాకెట్టు గుడ్డ చుట్టుకుంది. అరవైమూడు కర్రలున్న ఇంట్లో నాలుగేళ్లుగా దాంతోనే నడుస్తోంది. పైన ముగ్గురినీ తిట్టాను, తిట్టాల్సినవాళ్లే. కానీ వాళ్లందరికంటే పెద్ద వెధవను నేనే. చాలా సిగ్గుగా ఉంది.

6. మొన్న ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఆ మాప్ కర్రను టేపుతో కొలిచాను. అడిగి కొలిచే ముఖం నాకెక్కడిది? బాతు కర్రను అదే వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లి నాలుగంగుళాలు కోయించి, అడుగున రబ్బరు తొడుగు వేయించాను. రంపం పెట్టేముందు ఆయన రెండుసార్లు అడిగాడు, "డాక్టరుగారూ, నిజంగానే కోసేయమంటారా?" అని.

ఆ కర్ర నా భార్యది. నా తదనంతరం కాదు, ఈ సంతకం తడి ఆరగానే. చేతికి ఇచ్చే ధైర్యం లేక కాగితంలో పెడుతున్నాను. కోడలు దాన్ని మంచం పక్కన ఆనించి వచ్చేయాలి. తీసుకోమని ఎవరూ బతిమాలకూడదు. ఆమె మాప్ కర్రతోనే నడుస్తానంటే, ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

7. కోసిన నాలుగంగుళాల ముక్క నా చొక్కా జేబులో ఉంది. అది ఎవరికీ రాయడం లేదు. నాతోపాటే పోవాలి.

2022 మార్చి 13, ఆదివారం.

(సంతకం) కర్రల డాక్టరు

సాక్షులు:
వీధి చివర వడ్రంగి
నా క్లినిక్‌లో పనిచేసిన నర్సు