నూరు రోజుల తంబు

ఫిబ్రవరి 13

ఇవాళ మా ఊరిపెద్ద రాతు అపెనిసాని సమాధి చేశాం. పెద్ద పోతే నూరు రోజులు సముద్రంలో వల పడకూడదు. అదే తంబు. ఈసారి మడ అడవిని కూడా అందులో కలపమని మీటింగ్‌లో నేనే లేచి అడిగాను. సువా నగరం ఏటా మా మీదికి జరుగుతోంది. అడవిని కాపాడతామని తిరిగే మా సంస్థకి ఇంతకన్నా మంచి అదను దొరకదు. మగాళ్లు కావా వేళ్ల రసం తాగుతూ తలలూపారు. వాళ్లదేం పోయింది, పీతలు పట్టేది ఆడవాళ్లు.

అడ్డం తిరిగింది కేలేరా అత్త ఒక్కతే. నాన్న చెల్లెలు. నలభై ఏళ్లుగా మండపీతలే ఆమె బతుకు. ఏమే, నాలుగు ముక్కలు చదివొచ్చి నా మడకి నన్నే రావద్దంటావా, మనిషి మసలని ఇల్లు పాడుబడుతుంది, మడ మాత్రం బాగుపడుతుందా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 2

అత్త ఇంట్లో ఉడికించిన కర్రపెండలం, డబ్బా చేప. పీతల్లేవు మరి. సిగ్గేసింది, అయినా తిన్నాను.

మార్చి 20

మొదటి రిపోర్ట్ పంపాను. ఐదు వారాలుగా అడవిలో ఒక్క మనిషి అడుగు పెట్టలేదని రాశాను. ఆఫీసులో చప్పట్లు. వెబ్‌సైట్‌లో పెట్టారు.

ఏప్రిల్ 6, పొద్దున

అడవి వెనక ఇంజిన్ల మోత వినిపిస్తోందిట అత్తకి. ఒక్కసారి పోయి చూసొస్తానే అంది. రోడ్డు పనులై ఉంటాయిలే అన్నాను. పోయిన మనిషి పేరున పెట్టిన తంబు, నువ్వే తప్పితే ఊరు ఊరుకుంటుందా అన్నాను. చేతిలో తెడ్డు మళ్లీ మూలన పెట్టేసింది. ఆమె నోరు ఎలా మూయించాలో నాకు బాగా తెలుసు.

ఏప్రిల్ 7

రోడ్డు మీంచి నేనైనా చూసి రావచ్చు. వాన. రేపు చూద్దాం.

మే 24

తంబు ఎత్తారు. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని పాడుకుంటూ పడవలెక్కారు. నేను కెమెరాతో.

పాట మధ్యలోనే ఆగిపోయింది. వెనక సగం అడవి లేదు. ఎర్రమట్టి, లారీ చక్రాల గాట్లు. పోటునీళ్లు రాకుండా కట్ట వేశారు, మిగతా సగమూ ఎండుతోంది. మేం పడవలు కట్టే చెట్టుకి నోటీసు కొట్టి ఉంది. ఇక్కడ ఇళ్ల స్థలాలు వస్తాయట, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పాలట. తేదీ మార్చి 1.

రోజూ ఆ చెట్టు దగ్గర దిగే ఆడవాళ్లని ఇళ్లలో కూర్చోబెట్టింది నేను. అత్త బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మే 29

అత్తని తీసుకుని సువాలో ఆ నోటీసిచ్చిన సర్కారు ఆఫీసుకి వెళ్లాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. క్లర్కు తన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. నా రిపోర్టే. మీరే రాశారుగా మేడమ్, అక్కడ మనిషి జాడే లేదని, ఎవరూ వాడని చోటు పోతే మీకేం నష్టం అన్నాడు.

అందులో ఏముందే అని అత్త అడిగింది. అక్కడే చదివి వినిపించాను.

జూన్ 11

మా ఆఫీసులో ఊడ్చే పనికి అత్త దరఖాస్తు పెట్టింది. నేనే నింపాను. ఇంతవరకు చేసిన పని అన్నచోట పీతలు పట్టడం అని రాయబోతుంటే చెయ్యి పట్టుకుంది. వద్దులేవే, అబద్ధమంటారు అంది.