నువ్వు పెట్టే శ్రుతిలోనే

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బోధన్ చర్చిలో నీ పాటల బృందాన్ని ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ముందుముందు ఊళ్లలో బృందాలు నడపబోయే పిల్లలకు పాట ఎంచుకోవడం నేర్పుతున్నాను. అందరి గొంతుకూ అందే పాటే తీసుకోవాలని చెబుతాను. నువ్వు మాత్రం ఒక్క నీ బిడ్డ గొంతుకే ఎంచేదానివి. మేము అందుకోలేకపోతే, "చెరుకు తోటల పందులను ఎల్లగొట్టనీకి పనికొస్తయి మీ గొంతులు" అని నవ్వేదానివి.

ఈ ఉదయం నీ జ్ఞాపకార్థ కూడికలో నీకిష్టమైన పాటే, నువ్వు పెట్టే శ్రుతిలోనే, నీ బిడ్డతో పాడించాను. రెండో చరణంలో, పై స్వరం దగ్గర తన గొంతు చీలిపోయింది. బృందం అందుకోబోతే నేను చెయ్యెత్తి ఆపాను. తను ఏడుస్తూ కూర్చున్నాక, నా దగ్గర నేర్చుకునే పిల్లల వైపు తిరిగాను.

"సూసిండ్రా? పాట గిట్ల తీసుకోవద్దు" అన్నాను.