పాస్‌పోర్టుల మంత్రి

మంగళవారం, కోరుట్ల

తెలంగాణ కోసం సమ్మెకు దిగి ఇవాల్టికి పద్దెనిమిది రోజులు. బడికి తాళం. పిల్లలకు పాఠాలు లేవు కానీ, దీక్షా శిబిరంలో కూర్చుంటే పెద్దలే ప్రశ్నలు అడుగుతున్నారు. సోషల్ సారును కదా.

మధ్యాహ్నం మేడిపల్లి నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో లక్ష్మి అనే ఆమె నా వైపు జరిగి, "సారూ, తెలంగాణ అచ్చినంక పాస్‌పోర్టుల మంత్రి మనోడే ఉంటడా?" అని అడిగింది.

ఆమె భర్త దుబాయిలో ఖల్లివెల్లి అయ్యాడు. కంపెనీ నుంచి పారిపోయి, పోలీసులకు దొరక్కుండా ఎక్కడో కూలి చేసుకుంటున్నాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. మనవాడు మంత్రి అయితే ఒక్క కాగితం రాసి దాన్ని ఇప్పిస్తాడని ఆమె ఆశ.

నేను తరగతిలో చెప్పినట్టే చెప్పేశాను. విదేశీ వ్యవహారాలు, పాస్‌పోర్టులు, రక్షణ ఢిల్లీ చేతిలోనే ఉంటాయమ్మా, రాష్ట్రంలో అట్లాంటి మంత్రి ఉండడు అన్నాను. పరీక్షలో ఎవరైనా ఈ జవాబు రాస్తే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

ఆమె ఆశను అట్లా తుంచేసినందుకు నాకు బాధ కలగాల్సింది. ఏమీ అనిపించలేదు. ఇప్పుడు రాస్తున్నా ఏమీ అనిపించడం లేదు. ఇన్ని రోజులు నినాదాలిచ్చి గొంతు ఒక్కటే పోయిందనుకున్నాను.

ఇక లేచి వెళ్లిపోతుందిలే అనుకున్నాను. కొంగు సర్దుకుని అక్కడే కూర్చుంది.

"పోనియ్యి సారూ. ఆయన అచ్చేటాల్లకు రాష్ట్రమన్న ఉండాలె గద."